దేవుడు మనిషి ఎందుకయ్యాడు?



ఈ నెల గోడపత్రికకు ఏదైనా వ్రాయమని తెలుగు సారు అడిగినప్పుడు, అందరిలాగే నేను కూడా చెట్ల గురించో నీటి పొదుపు గురించో వ్రాద్దామనుకున్నాను. కాని ఎనిమిదో తరగతి నుండి నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. అది నా స్నేహితుడు అడిగిన ప్రశ్న. వాడికి నేను జవాబు బాకీ ఉన్నాను. కావున ఈసారి దాని గురించే వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. మేము కోయవాళ్ళం. మాది క్రైస్తవ కుటుంబం. మన హాస్టల్లో అన్ని నమ్మకాల వాళ్ళూ ఉన్నారు. ఎవరినీ మా మతంలోకి రమ్మని పిలవడానికి ఇది వ్రాయడం లేదు. మేము నమ్మేది ఏమిటో, నమ్ముతున్నానని చెప్పుకునే నేను ఎక్కడ తప్పానో చెప్పాలని వ్రాస్తున్నాను. స్నేహితుని పేరు వ్రాయను. వాడు వద్దన్నాడు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర జరిగింది. నా స్నేహితుడు వాళ్ళ ఇంటివాళ్ళతో వెళ్ళి వచ్చాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుండి సమ్మక్క సారలమ్మలనే కొలుస్తారు. ఆ రాత్రి స్టడీ అవర్ అయిపోయాక మేమంతా వాడి మంచం చుట్టూ చేరాం. కన్నెపల్లి నుండి సారలమ్మను ఎట్లా తెచ్చారో, చిలకలగుట్ట నుండి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చేటప్పుడు జనం ఎట్లా ఊగిపోయారో, గద్దెల దగ్గర బెల్లాన్ని బంగారమని పిలిచి మొక్కు ఎట్లా చెల్లిస్తారో, జంపన్న వాగులో ఎంతమంది స్నానాలు చేశారో అన్నీ చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి ఇట్లా అన్నాడు.

"మా తల్లి మనుషుల్లో మనిషే. కరువుల పన్ను కట్టలేమంటే కాకతీయుల సైన్యం మీదికి వచ్చింది. మావోళ్ళ కోసం కొట్లాడి పాణం ఇచ్చింది. అందుకే తల్లి అయింది. మనిషి దేవుడు కావుడు నాకు సమజైతది. మీ దేవుడు ముందే దేవుడు గద? మరి ఆయనెందుకు మనిషి కావాలె? పైన ఉన్నోడు కిందికి ఎవడన్న వస్తడా?"

అందరూ నవ్వారు. నేను సండే స్కూల్లో నేర్చుకున్న జవాబు చెప్పాను. "మన పాపాల కోసం వచ్చిండు" అన్నాను.

"పాపాలు మాఫీ చెయ్యనీకి దిగి రావాల్నా? సారు ఆబ్సెంట్ కొట్టేసి ప్రెజెంట్ వెయ్యాలంటే ఆఫీసుల కూసోనే వేస్తడు గద" అన్నాడు వాడు.

మళ్ళీ అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. కాని జవాబు రాలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా పాస్టరు గారిని అడిగాను. ఆయన నన్ను కోప్పడలేదు. "నీ స్నేహితుడు అడిగింది చిన్న ప్రశ్న కాదురా. దాని పేరు మీద పెద్ద పుస్తకమే ఉంది" అన్నారు. అన్సెల్మ్ అని 1033లో పుట్టిన ఒక సన్యాసి, తర్వాత ఇంగ్లండులో కాంటర్బరీ అనే చోట ఆర్చిబిషప్పు అయ్యాడట. 1098లో ఆయన ఒక పుస్తకం పూర్తి చేశాడు. లాటిన్ భాషలో దాని పేరుకు అర్థం "దేవుడు మనిషి ఎందుకు" అని. అది గురువూ శిష్యుడూ మాట్లాడుకున్నట్టు వ్రాసిన పుస్తకం. శిష్యుని పేరు బోసో. మా వాడిలాగానే అతను కూడా అడ్డంగా ప్రశ్నలు వేస్తూనే ఉంటాడట. దేవుడు ఊరికే క్షమిస్తే సరిపోదా అన్న సంగతిని కూడా అందులో చర్చించారట. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. తొమ్మిది వందల ఏండ్లకు పైనే అయింది ఆ ప్రశ్న పుట్టి.

అన్సెల్మ్ చెప్పిన జవాబును పాస్టరు గారు మనకు తెలిసిన అప్పుతో పోల్చి చెప్పారు. మనిషి దేవునికి ఇవ్వవలసిన విధేయత ఇవ్వలేదు. ఆ బాకీ మనిషిది, కాబట్టి మనిషే తీర్చాలి. కాని మనిషి చేసే మంచి పని అంతా ముందే దేవునికి చెల్లవలసినది. బాకీ తీర్చడానికి అతని దగ్గర మిగిలేది ఏమీ లేదు. తీర్చగలిగినవాడు దేవుడొక్కడే. అనగా తీర్చవలసినవాడు మనిషి, తీర్చగలిగినవాడు దేవుడు. ఆ రెండూ ఒక్కరిలోనే ఉంటే తప్ప బాకీ తీరదు. అందుకని దేవుడు మనిషి అయ్యాడని ఆయన వాదం. ఊరికే మాఫీ చేస్తే తప్పూ ఒప్పూ రెండూ ఒకటే అయిపోతాయి కదా అని కూడా అన్నాడట.

జూన్ నెలలో బడి తెరవగానే నేను ఇదంతా నా స్నేహితునికి గర్వంగా చెప్పాను. వాడు మధ్యలో ఆపకుండా విన్నాడు. చివరికి అన్నాడు, "అప్పు సంగతి సమజైంది. లెక్క సరిగ్గనే ఉంది. కాని మీ దేవునికి లెక్క కావాల్నా, మనుషులు కావాల్నా?"

మళ్ళీ నా నోరు మూతపడింది.

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు మంచి పేరు తెచ్చేది కాదు. అయినా చెప్పాలి. ఎందుకనగా నాకు జవాబు దొరికింది అక్కడే.

ఆ సంవత్సరం నన్ను మా గదికి లీడర్‌ని చేశారు. కొత్తగా ఆరో తరగతిలో చేరినవాళ్ళలో సరిహద్దు గుంపు నుండి ఒక తమ్ముడు వచ్చాడు. వాడికి కోయ మాట తప్ప రాదు. తెలుగు అక్షరాలు చదువుతాడు గాని మాట్లాడితే అర్థం కాదు. రాత్రి లైట్లు తీసేయగానే ఏడుపు మొదలుపెట్టేవాడు. పొద్దున చూస్తే పక్క తడిసి ఉండేది. గదంతా వాసన. పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరించేవాళ్ళు.

లీడర్‌గా నేనేం చేశానంటే, ఒక అట్టముక్క మీద గది నియమాలు అందమైన చేతివ్రాతతో వ్రాసి తలుపు మీద అతికించాను. మొత్తం పదకొండు నియమాలు. తర్వాత వాడి ముందు నిలబడి అవి చదివి వినిపించాను. వాడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. అర్థం కాలేదని నాకు తెలుసు. అందుకని మళ్ళీ చదివాను, ఈసారి ఇంకా గట్టిగా.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. నాకు కోయ వచ్చు. మా ఇంట్లో మాట్లాడేది కోయనే. కాని ఐదో తరగతిలో ఉండగా, వేరే బడిలో, ఒకరోజు సారు అడిగిన ప్రశ్నకు తెలియకుండా నా నోట కోయ మాట వచ్చేసింది. తరగతి అంతా నవ్వింది. ఆ మాటనే నాకు పేరుగా పెట్టి సంవత్సరమంతా పిలిచారు. ఈ హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజే "నాకు కోయ రాదు" అని చెప్పేశాను. మా అమ్మ చూడటానికి వచ్చి గేటు దగ్గర కోయలో మాట్లాడితే నేను తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. ఆమె నన్ను ఏమీ అనలేదు. నెమ్మదిగా ఆమె కూడా నాతో వచ్చీరాని తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది.

వారం రోజుల తర్వాత ఒక పొద్దున ప్రేయర్‌లో ఆ తమ్ముడు కనిపించలేదు. ట్రంకు పెట్టె కూడా లేదు. వాచ్‌మన్ తాత సైకిల్ వేసుకుని పోయి, రోడ్డు మీద కల్వర్టు దగ్గర వాడిని పట్టుకుని తెచ్చాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటి దిక్కు నడుస్తున్నాడట. ఆ పక్కనే వాగు ఉంది. వానాకాలం. దాటబోయి ఉంటే ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు వస్తుంది. ఎందుకు పోతున్నావని ఎవరు అడిగినా వాడు తల ఎత్తలేదు.

ఆ రాత్రి నా స్నేహితుడు తన మంచం దిగి, దుప్పటి తెచ్చి, ఆ తమ్ముని పక్కన నేల మీద పరుచుకున్నాడు. పక్క తడుపుతున్నాడని వాడిని నేల మీదనే పడుకోబెట్టేవాళ్ళం. నా స్నేహితుడు కోయలో ఏదో చిన్న మాట అన్నాడు. ఒక్క నిమిషం చప్పుడు లేదు. తర్వాత ఆ పిల్లవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. వారం రోజుల నుండి లోపల ఉన్నదంతా గబగబా బయటికి వచ్చింది. రాత్రి బాత్రూం ఎక్కడుందో వాడికి తెలియదు. అడగడానికి మాట లేదు. చీకట్లో బయటికి పోతే కొడతారేమోనని భయం. అన్నం రెండోసారి అడగవచ్చని కూడా తెలియదు, అందుకని సగం కడుపుతోనే లేస్తున్నాడు.

నేను వ్రాసిన పదకొండు నియమాల్లో బాత్రూం ఎక్కడుందో లేదు.

నేను పై మంచం మీద పడుకుని విన్నాను. వాడు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. అదే నాకు ఎక్కువ సిగ్గు.

కాసేపటికి నా స్నేహితుడు వాడి చేయి పట్టుకుని బాత్రూం దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. తర్వాత ఇద్దరూ నిద్రపోయారు. నాకు నిద్ర రాలేదు. పైన పడుకున్నవాణ్ణి నేను, కింద ఉన్నవాడు వాడు. "పైన ఉన్నోడు కిందికి ఎవడన్న వస్తడా" అని అడిగినవాడే దిగిపోయి పడుకున్నాడు. దిగి వచ్చాడని నమ్మేవాణ్ణి మాత్రం పైనే ఉన్నాను.

తర్వాత రోజుల్లో నేను సువార్తలను కొత్తగా చదివాను. ఇంతకుముందు ఎన్నోసార్లు చదివినవే, కాని గమనించని సంగతులు కొన్ని కనిపించాయి.

ఏసు పెరిగిన నజరేతు గలిలయ కొండ ప్రాంతంలోని చిన్న ఊరు. రాజధాని కాదు, పేరున్న పట్నం కాదు. ఆ ఊరి పేరు వినగానే నతనయేలు అనే ఆయన, అక్కడి నుండి మంచిదేదైనా వస్తుందా అన్నట్టు మాట్లాడాడు. మన గుంపుల పేర్లు చెబితే కొందరు అన్నట్టే. అక్కడ ఏసు వడ్రంగి పని చేసుకున్నాడు. బోధించడం మొదలుపెట్టేసరికి ఆయనకు దాదాపు 30 ఏండ్లు. అనగా లోకానికి తెలియకుండా ఆ చిన్న ఊర్లో గడిచిన కాలమే ఎక్కువ. నీళ్ళ కోసం సమరయలో బావి దగ్గర ఒక స్త్రీని అడిగాడు. పడవలో అలసిపోయి నిద్రపోయాడు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. చనిపోయే ముందు రాత్రి భయంతో ప్రార్థించాడు.

ఇంకొకటి. గలిలయ వాళ్ళకు వేరే యాస ఉండేది. యెరూషలేములో ఏసును పట్టుకున్న రాత్రి పేతురు తనకు ఆయన ఎవరో తెలియదని అబద్ధమాడాడు. అక్కడ నిలబడ్డవాళ్ళు అతని మాట తీరును బట్టే గలిలయవాడని పట్టేశారు. పేతురుది ఆ యాస అయితే, అక్కడే పెరిగిన ఏసుది కూడా అదే అయి ఉండాలి కదా! నేను దీన్ని చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తన గురువును ఎరుగనని పేతురు అన్నాడు. నా భాష నాకు రాదని నేను అన్నాను.

ఏసు ఇంటి భాష అరామిక్. సువార్తలు వ్రాసింది గ్రీకులో. కాని కొన్నిచోట్ల ఆయన అన్న అరామిక్ మాటలను అట్లాగే ఉంచేశారు. తండ్రిని పిలిచే "అబ్బా" అనే మాట అందులో ఒకటి. ఇంకొకటి యాయీరు కూతురి సంగతిలో ఉంది. చనిపోయిందని అందరూ ఏడుస్తున్న ఆ పిల్ల వయసు పన్నెండేళ్ళు. మన ఆరు, ఏడు తరగతుల పిల్లల వయసే. ఏసు ఆ పిల్ల చేయి పట్టుకుని లెమ్మన్నాడు. మార్కు ఆ మాటను అరామిక్‌లోనే వ్రాసి పక్కన అర్థం చెప్పాడు. మన తెలుగు బైబిలులో కూడా అది అట్లాగే ఉంది. ఆ పిల్లను లేపిన మాట ఆమె ఇంట్లో మాట్లాడే మాటే. తర్వాత ఆయన చేసిన పని, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమనడం.

ఇక వేషం గురించి చెప్పాలి. వార్షికోత్సవంలో మనం రాజు వేషం వేస్తాం, నాటకం కాగానే కిరీటం తీసేసి వరుసలో నిలబడి అన్నం తింటాం. ఏసు కూడా అట్లాగే మనిషిలాగా కనిపించాడే తప్ప నిజంగా మనిషి కాదని పూర్వం కొందరు చెప్పారు. సంఘం దాన్ని ఒప్పుకోలేదు. ఏసు దేవుడు చేసిన ఒక గొప్ప జీవి మాత్రమే అని ఇంకొకరు చెప్పారు. 325లో నికయ సభ దాన్నీ ఒప్పుకోలేదు. 451లో కల్కెదోను సభలో, ఏసు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని చెప్పారు. ఎందుకింత పట్టుదల అంటే, ఆకలి ఉత్త వేషమైతే మన ఆకలి ఆయనకు తెలియదు. చావు ఉత్త వేషమైతే మన చావులోకి ఆయన రాలేదన్నట్టే. నా స్నేహితుడు నేల మీద పడుకున్న రాత్రి దోమలు వాడినీ కుట్టాయి, పొద్దున చేతుల నిండా దద్దుర్లు.

అవతారం అనే మాట మన తెలుగువాళ్ళకు బాగా తెలుసు. రాముని గురించి, కృష్ణుని గురించి అట్లా చెప్పుకుంటారు. తెలుగు క్రైస్తవులు కూడా నరావతారం అంటారు. కాని క్రైస్తవ నమ్మకంలో అది ఒక్కసారే జరిగింది. పని అయిపోయాక ఆయన మనిషి శరీరాన్ని విడిచిపెట్టలేదు. మరణించి లేచిన తర్వాత కూడా మేకుల గుర్తులు ఉన్నాయని సువార్త చెబుతుంది.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు దేశపు అలెగ్జాండ్రియాలో అతనాసియు అనే బిషప్పు ఉండేవాడు. ఇదే నమ్మకం కోసం పట్టుబట్టి ఐదుసార్లు తన ఊరి నుండి వెళ్ళగొట్టబడ్డాడు. ఆయన చెప్పిన పోలిక ఒకటి మన గోడపత్రికకు సరిపోతుంది. చెక్క మీద గీసిన ఒక మనిషి బొమ్మ మరకలు పడి చెడిపోయింది. చెక్కను పారేయరు. ఆ మనిషే మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటే, అదే చెక్క మీద బొమ్మను సరిగా గీస్తారు. దేవుని పోలికలో చేసిన మనిషి చెడిపోతే, ఆ పోలిక ఎవరిదో ఆయనే వచ్చి మన మధ్య కూర్చున్నాడని దాని అర్థం.

ఇది చదివినప్పుడు అన్సెల్మ్ చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. బాకీ ఉన్న మాట నిజమే. నా బాకీ నాకు తెలుసు. కాని మా వాడు అడిగినదానికి జవాబు ఇక్కడ ఉంది. రిజిస్టర్ దిద్దడం మాత్రమే పని అయితే ఆఫీసులో కూర్చుని చేయవచ్చు. భయపడి, మాట రాక, తడి పక్క మీద ఏడుస్తున్నవాడి దగ్గరికి చేరాలంటే దిగి రావాలి, వాడి మాటలోనే మాట్లాడాలి. దేవునికి లెక్క కంటె మనుషులు కావాలి కాబట్టి మనిషి అయ్యాడని నేను నమ్ముతున్నాను.

ఇదంతా నా స్నేహితునికి చెప్పాను. నువ్వు చేసింది మా దేవుడు చేసినట్టే ఉంది అన్నాను. వాడు నవ్వి, "నేను మీ దేవుని కోసం పండుకోలే. వాడు ఏడుస్తుంటే నాకు నిద్ర పడతలేదు, అందుకు" అన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. "ఆయన ఒక్క ఊర్లనే పుడితే మిగిలిన ఊర్ల సంగతేంది?" దానికి కూడా అతనాసియు ఒక పోలిక చెప్పాడు. రాజు ఒక పట్నానికి వచ్చి ఒకే ఇంట్లో ఉన్నా, ఆ పట్నమంతటికీ గౌరవం వస్తుంది, దొంగలు ఆ పట్నం జోలికి రారు అని. మా వాడు కాసేపు ఆలోచించి, "చూద్దాం" అన్నాడు. వాడు సమ్మక్క తల్లినే మొక్కుతాడు. నేను ఏసునే మొక్కుతాను. మా ఇద్దరి స్నేహానికి ఏ లోటూ లేదు.

నేను చేసినవి మూడు పనులు. తలుపు మీది అట్టముక్క తీసేశాను. ఆ తమ్ముని దగ్గర నేల మీద కూర్చుని కోయలో క్షమించమని అడిగాను. ఇన్నాళ్ళూ వాడకపోవడం వల్ల కొన్ని మాటలు తప్పుగా వచ్చాయి. వాడు పడీపడీ నవ్వాడు. ఇన్ని రోజుల్లో వాడు నవ్వగా నేను చూడటం అదే మొదలు. మూడోది, మా అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు గేటు దగ్గర అందరి ముందూ ఆమెతో కోయలో మాట్లాడాను. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, తెచ్చిన మొక్కజొన్న కంకులు నా చేతిలో పెట్టింది.

ఆ తమ్ముడు ఇప్పుడు ఏడో తరగతి. తెలుగులో నాకంటె గట్టిగా పద్యాలు చదువుతున్నాడు.

తోటి విద్యార్థులారా, మేము పదో తరగతి వాళ్ళం ఈ సంవత్సరంతో వెళ్ళిపోతాం. జూన్‌లో మళ్ళీ కొత్త పిల్లలు ట్రంకు పెట్టెలతో వస్తారు. కోయ వచ్చినవాళ్ళు కోయలో, గోండి వచ్చినవాళ్ళు గోండిలో, లంబాడీ వచ్చినవాళ్ళు లంబాడీలో మొదటి రోజే వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడండి. రాత్రి బాత్రూం ఎక్కడుందో చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించండి. అన్నం రెండోసారి అడగవచ్చని చెప్పండి. వార్డెన్ సారు కూడా దయచేసి ఈ సంగతి కొత్త లీడర్లకు చెప్పవలసిందిగా కోరుచున్నాను.

ఇందులో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి.